పిల్లికి ఒంట్లో బాగోలేకపోతే ఇంట్లో ఏం చేయాలి

కుక్కకి నొప్పెడితే కుయ్యోమంటూ మన కాళ్ల దగ్గరికొస్తుంది. పిల్లి అలా రాదు. బీరువా వెనక్కో, మంచం కిందికో, మెట్ల కింద పాత సామాన్ల మధ్యకో వెళ్లి ముడుచుకుంటుంది. "ఎక్కడికో తిరగడానికి పోయిందిలే" అని మనం అనుకుంటాం. దొరికేసరికి రెండు రోజులు గడిచిపోతాయి. అందుకే మీ పిల్లి రోజూ పలికే వేళకి పలక్కపోయినా, గిన్నె చప్పుడుకి రాకపోయినా ఆ రోజే వెతకండి.

ఇంటి వైద్యం అనగానే మనకి పసుపు, వేపాకు, వెల్లుల్లి, నీలగిరి తైలం గుర్తొస్తాయి. మా ఇంట్లో చాలా ఏళ్లుగా పిల్లులున్నాయి. అన్నీ వీధిలోంచి వచ్చినవే. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటే. మనుషుల కోసం పెట్టుకున్న పోపుల డబ్బా, మందుల డబ్బా రెండూ పిల్లికి పనికిరావు. పిల్లి పూర్తిగా మాంసాహారి. మొక్కల్లోని ఘాటు పదార్థాలనీ, మన మందులనీ విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. దానికి పైన ఏం రాసినా నాకేస్తుంది కాబట్టి ఒంటికి రాసింది కడుపులోకి పోయినట్టే. పిల్లికి ఇంట్లో నిజంగా చేయగలిగిన వైద్యం వెచ్చదనం, నీళ్లు, వాసనొచ్చే తిండి, శుభ్రం. ఇవి చాలా చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ, సరిగ్గా చేస్తే ప్రాణం నిలుస్తుంది.

ముందు ఒక ఐదు నిమిషాలు చూడండి

టెన్షన్ పడకుండా పిల్లి పక్కన నేల మీద కూర్చోండి. పై పెదవిని వేలితో కొద్దిగా పైకెత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. తెల్లగా పాలిపోయినా, పసుపు పచ్చగా ఉన్నా, నీలంగానో గోధుమ రంగులోనో ఉన్నా ఇక ఇంట్లో చేసేదేం లేదు, ఆసుపత్రికి బయల్దేరండి. చిగురు రంగు బాగానే ఉండి, వేలికి జిగటగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. భుజాల మధ్య చర్మాన్ని మెల్లగా పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలబడిపోతే నీళ్లు బాగా తగ్గిపోయినట్టే.

నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. డొక్క ఒకసారి లేచి పడితే ఒకటి. నిమిషానికి 20 నుంచి 30 మామూలు. 40 దాటినా, కుక్కలా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా ఆలస్యం చేయకండి.

జ్వరం చెవులు పట్టుకుని చెప్పలేం. డిజిటల్ థర్మామీటర్ ఒకటి పిల్లి కోసమే విడిగా కొనిపెట్టుకోండి. కొనకి కాస్త వాజిలీన్ రాసి, మలద్వారంలో ఒక 2 సెంటీమీటర్ల లోపే పెట్టాలి. మామూలు వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కన అది జ్వరమే, పిల్లికి కాదు. 103 దాటితే జ్వరం. 99కి దిగితే జ్వరం కంటే ప్రమాదం. పెనుగులాడుతుంటే మాత్రం ఈ పని మానేయండి, ఆ పెనుగులాటకే సగం నీరసపడుతుంది.

ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు

మగపిల్లి మాటిమాటికీ ఇసుక ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, చుక్క మూత్రం కూడా రాక అరుస్తుంటే అది మలబద్ధకం కాదు, మూత్రం దారి మూసుకుపోయింది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఆముదం పట్టిస్తారు. రాత్రి 11 అయినా సరే డాక్టర్‌ని లేపండి.

ఆగకుండా వాంతులు, నీళ్ల విరేచనాలు, తాగకుండా నీళ్ల గిన్నె మీద తల వాల్చి కూర్చోవడం, ఇవి కలిసి వస్తే, కుక్కలకి వచ్చే పార్వో లాంటిదే పిల్లుల్లో వచ్చే వైరస్ జబ్బు కావచ్చు. టీకా వేయని కూనల్ని ఇది చాలా త్వరగా తీసుకుపోతుంది. మూర్ఛ, వెనక కాళ్లు ఒక్కసారిగా పడిపోవడం, మేడ మీంచి పడటం, విషం తినడం కూడా ఈ జాబితాలోవే.

చల్లబడిన కూనకి ముందు పాలు కాదు

ఈ మాట మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని నేను ఒక ప్రాణం పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక కార్తీకంలో, రాత్రంతా వాన పడ్డాక, పెరట్లో వాటర్ ట్యాంకు పక్కన కూన ఒకటి దొరికింది. కళ్లింకా తెరవలేదు. అరచేతిలో పెట్టుకుంటే తడిసిన నిమ్మకాయలా చల్లగా ఉంది. ఆకలేస్తుందేమోనని ముందు పాలు కాచి, దూదితో నోట్లో పిండాను. రెండు చుక్కలు లోపలికి పోయాయి, మూడోది ముక్కులోంచి వచ్చింది. తెల్లారేసరికి లేదు. చల్లబడ్డ కూన కడుపు పని చేయదనీ, పోసిన పాలు అక్కడే పులిసిపోతాయనీ, మింగే బలం లేక ఊపిరితిత్తుల్లోకి జారతాయనీ తర్వాత ఒక డాక్టర్‌గారు చెప్పారు.

మళ్లీ ఏడాది అలాంటిదే ఇంకో కూన దొరికింది. ఈసారి దాన్ని ముందు పొడి తువ్వాలుతో తుడిచి, చొక్కా లోపల గుండెకి ఆనించి కూర్చున్నాను. ముప్పావు గంటకి కాళ్లు కదిపింది, గంటన్నరకి నోరు తెరిచి అరిచింది. అప్పుడు పాలు.

కాబట్టి వరస ఇది. తడి తుడవండి. ఒంటికి ఆనించుకోండి, లేదా అట్టపెట్టెలో పాత నూలుచీర మడతలు వేసి, వేడినీళ్లు పోసిన సీసాని తువ్వాలులో చుట్టి ఒక పక్కగా పెట్టండి. సీసా పెట్టె సగం వరకే ఉండాలి, వేడెక్కువైతే కూన అవతలికి పాకడానికి చోటుండాలి. మీ మణికట్టు లోపలి వైపు ఆనిస్తే హాయిగా అనిపించేంత వేడి చాలు. వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రయర్ దగ్గరగా పెట్టడం వద్దు. తొందరపడి ఒక్కసారిగా వేడి చేస్తే గుండె తట్టుకోలేదు. గంట నుంచి మూడు గంటలు పట్టినా పట్టనివ్వండి. మరీ తోటకూర కాడలా వాలిపోయి ఉంటే, వెచ్చబడుతున్నప్పుడు పంచదార కలిపిన గోరువెచ్చని నీటిని వేలికొనతో చిగుళ్లకి రాయండి, అంతే. నోట్లో పోయకండి.

ఇంకో సంగతి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. కూనలు ఒంటరిగా కనిపించగానే తల్లి వదిలేసిందనుకోవద్దు, ఒక్కోదాన్నీ నోట కరుచుకుని చోటు మారుస్తూ ఉండొచ్చు. కూనలు వెచ్చగా, కడుపు నిండి, పడుకుని ఉంటే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. చల్లగా, మురికిగా ఉండి అరుస్తుంటే మాత్రం తీసుకోండి.

కూనకి పాలు పట్టడం

ఆవుపాలు, ప్యాకెట్ పాలు కూనకి సరిపోవు. వాటిలో మాంసకృత్తులు, కొవ్వు తక్కువ. లాక్టోజు అరగక విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న కూనకి విరేచనాలంటే ఒక్క రోజులో నీరంతా పోవడమే. పెట్ షాపుల్లో కూనల కోసమే పాలపొడి దొరుకుతుంది, అదే తెప్పించండి. అది చేతికొచ్చేలోగా ఒక పూటో రెండు పూటలో గడపడానికి మేకపాలు వాడొచ్చు, అంతకు మించి కాదు.

ఉగ్గుగిన్నె వద్దు. దాంతో పోస్తే ఎంత పోతుందో మన చేతిలో ఉండదు. సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజి మేలు. కూనని చంటిబిడ్డలా వెల్లకిలా పట్టకండి. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలా, బోర్లా, నాలుగు కాళ్లూ కింద ఆని ఉండాలి, తల కొంచెం పైకి. చుక్క చుక్కగా, అది చప్పరిస్తూ మింగుతుంటేనే నొక్కండి. 100 గ్రాముల కూనకి ఒక పూటకి సుమారు 4 మిల్లీలీటర్లు పడతాయి. మొదటి వారం 2 గంటలకోసారి, రాత్రి కూడా. రెండో వారం 2 నుంచి 3 గంటలకి, మూడో వారం నుంచి 3 నుంచి 4 గంటలకి.

పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మూత్రం, మలం వచ్చే చోట మెల్లగా రాయండి. తల్లి నాలుకతో చేసే పని ఇది. మూడు వారాల వరకూ కూన తనంతట తాను పోసుకోలేదు. వంటింటి తూకం మీద రోజూ ఒకే వేళకి బరువు చూసి కాగితం మీద రాయండి. రోజుకి 10 గ్రాముల చొప్పున పెరుగుతుంటే మీరు చేస్తున్నది సరిగ్గానే ఉంది. ఒక రోజు పెరగలేదంటే గమనించండి, తగ్గిందంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

జలుబు, కళ్ల పుసి

ఇళ్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు అంటుకుపోవడం. చాలావరకు వైరస్ వల్ల వస్తుంది. పెద్ద పిల్లి తింటూ, తాగుతూ ఉంటే మన సేవతో వారం పది రోజుల్లో కోలుకుంటుంది.

కాచి చల్లార్చిన పావు లీటరు నీటిలో చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు కరిగించండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు దూది ముంచి, మూసుకుపోయిన కంటి మీద అర నిమిషం ఊరికే ఆనించండి. గీరకండి, పుసి తనంతట తానే మెత్తబడుతుంది. అప్పుడు ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడవండి. రెండో కంటికి కొత్త దూది. ముక్కు పక్కన ఎండిపోయిన పెచ్చుకీ ఇదే పద్ధతి. రోజుకి మూడు సార్లు, ఉప్పునీళ్లు ఏ రోజుకా రోజు కొత్తవి. చనుబాలు, ఆముదం, రోజ్‌వాటర్ కంట్లో వేయొద్దు. మనకి రాసిచ్చిన కంటి చుక్కలు అసలే వద్దు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే కంటిలోని పుండు ముదిరి చూపు పోతుంది. కళ్లు తెరవకముందే కూన రెప్పల కింద ఉబ్బి చీము కనిపిస్తే అది డాక్టర్ పని.

ముక్కు దిబ్బడకి ఆవిరి బాగా పనిచేస్తుంది. స్నానాల గదిలో బకెట్ నిండా మరిగే నీళ్లు పెట్టి, మూత సగం తెరిచి, తలుపు వేసి పిల్లితోపాటు మీరూ పది నిమిషాలు కూర్చోండి. పిల్లి మీ ఒళ్లోనే ఉండాలి, బకెట్ దగ్గరికి పోనివ్వకండి. నీళ్లలో ఏమీ కలపకూడదు. నీలగిరి తైలం, పుదీనా నూనె, కర్పూరం, విక్స్, అమృతాంజనం, లవంగ నూనె, ఇవన్నీ పిల్లికి విషమే. పిల్లి ఉన్న గదిలో దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా ఆపేయండి.

లంఖణం పిల్లికి ఔషధం కాదు

లంఖణం పరమౌషధం అన్నది మన మాట. పిల్లికి ఇది తలకిందులు. తినడం మానేసిన పిల్లి ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలోకి చేరిపోతుంది, రెండు మూడు రోజులకే కాలేయం చెడిపోవడం మొదలవుతుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పెద్ద పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాలి, చిన్న కూన అయితే అర రోజు కూడా ఆగకూడదు.

పిల్లి వాసన చూసి తింటుంది. ముక్కు మూసుకుపోతే దానికి తిండి తిండిలా అనిపించదు. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెట్టకండి. ఒంటి వేడికి వచ్చేలా వెచ్చబెట్టండి. కోడికూరో చేపల పులుసో వండుతున్నప్పుడు ఉప్పూ కారం పడకముందే నాలుగు ముక్కలు విడిగా తీసి వట్టి నీళ్లలో ఉడికించండి. ఎముక, ముల్లు ఏరేసి, మెత్తగా నలిపి, ఆ ఉడికిన నీళ్లే కలిపి వేలికొన మీద పెట్టి ముక్కు ముందు చూపించండి. ఒక్కసారి నాకిందంటే దారి తెరుచుకున్నట్టే. మా ఇంట్లో మొండికేసే పిల్లులకి చేపతల ఉడికించిన నీళ్లు చాలాసార్లు కాపాడాయి.

కూరలో కలిపిన అన్నం మాత్రం పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి పచ్చిదైనా ఉడికిందైనా, పొడైనా పిల్లి ఎర్రరక్తకణాలని పగలగొడుతుంది. పురుగులకి మంచిదని వెల్లుల్లి నూరి పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆపండి. కడుపులో పురుగులకి వేపరసం, బొప్పాయి గింజలు నమ్ముకోకండి. బరువుని బట్టి డాక్టర్ ఇచ్చే డీవార్మింగ్ మందే వేయాలి.

తినకపోతే ఆ ఉడికిన నీళ్లే సిరంజితో పట్టొచ్చు. నోటి పక్కన, కోరపన్ను వెనక సందులో అర మిల్లీలీటరు చొప్పున. మింగాకే ఇంకో అర. తల వెనక్కి ఎత్తిపట్టకండి. వాంతులవుతుంటే, నీరసంగా పడిపోయి ఉంటే పట్టొద్దు.

విరేచనాలు ఒకటి రెండైతే, పెద్ద పిల్లి చురుగ్గానే ఉంటే, పాలు ఆపి, వట్టి ఉడికిన కోడిమాంసం కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టండి. ఉప్పు లేకుండా ఉడికించిన తియ్య గుమ్మడి గుజ్జు ఒక చిన్న చెంచా కలిపితే విరేచనం గట్టిపడటానికీ, మలబద్ధకం ఉన్నప్పుడు మెత్తబడటానికీ కూడా సాయపడుతుంది. రక్తం కనిపించినా, ఒక రోజు దాటినా డాక్టర్. పిల్లి అప్పుడప్పుడు గరిక కొరుకుతుంది. కుండీలో గరిక పెంచితే పురుగుమందు భయం లేకుండా తింటుంది. లిల్లీ పూలు మాత్రం ఇంట్లో ఉంచొద్దు. అసలైన లిల్లీ పుప్పొడి నాకినా మూత్రపిండాలు పోతాయి. దండల్లో కట్టే తెల్ల లిల్లీ, అంటే నేలసంపెంగ, వేరే జాతి. ఏది ఏదో తేల్చుకోలేకపోతే రెండూ అందకుండా పెట్టండి.

బొచ్చులో పురుగులు, గాయాలు

బొచ్చులో గెంతే చిన్న గోధుమరంగు పురుగులు చిన్న కూన రక్తం తాగి దాన్ని పాలిపోయేలా చేస్తాయి. సన్నపళ్ల పేల దువ్వెనతో మెడ దగ్గర నుంచి దువ్వి, ప్రతిసారీ దువ్వెనని సబ్బునీళ్ల గిన్నెలో ముంచండి. ఓపిక కావాలి కానీ, కూనకి ఇంతకంటే సురక్షితమైనది లేదు. కిరోసిన్, వేపనూనె, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, కుక్కల గోమార్ల మందు, ఏదీ రాయొద్దు. కుక్కల మందుల్లో ఉండే పర్‌మెత్రిన్ పిల్లికి ఫిట్స్ తెప్పించి చంపుతుంది.

దెబ్బలాడుకుని వచ్చిన పిల్లికి గాటు పైకి చుక్కంతే కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. ఉప్పునీళ్లతో కడిగి, గోరువెచ్చని గుడ్డతో పది నిమిషాలు కాపడం పెట్టండి. పసుపు అద్దితే పైన పెచ్చుకట్టి చీము లోపలే ఉండిపోతుంది. ఉబ్బి, వేడిగా ఉంటే యాంటీబయాటిక్ కావాలి.

మాత్ర వద్దు, ఫినాయిల్ వద్దు

జ్వరమని పారాసిటమాల్ వేయకండి. డోలో అన్నా, క్రోసిన్ అన్నా, చిన్నపిల్లల సిరప్ అన్నా మందు ఒకటే. ఒక్క మాత్ర పిల్లిని చంపడానికి చాలు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకి తిరిగి, మొహం వాస్తుంది. ఇప్పటికే వేసేసి ఉంటే లక్షణాల కోసం చూడకుండా మందు అట్ట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. విరుగుడు ఉంది, గంటలే ముఖ్యం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు.

జబ్బు పిల్లి పడుకున్న చోట ఫినాయిల్‌తో తుడవకండి. నేల మీద నడిచి పాదాలు నాకుతుంది. పార్వో లాంటి జబ్బు వచ్చిన ఇంట్లో, పిల్లిని వేరే గదిలో పెట్టి, 30 వంతుల నీటిలో 1 వంతు బ్లీచ్ ద్రావణం కలిపి నేల తడిపి పది నిమిషాలుంచి, మంచినీళ్లతో కడిగి ఎండనివ్వండి. ఆ వైరస్ ఇంట్లో ఏడాది పాటైనా ఉండగలదు, కాబట్టి టీకా వేయని కొత్త కూనని ఆ ఇంటికి తేవద్దు. మామూలుగా 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా, 16 వారాల వరకూ 3, 4 వారాలకోసారి మళ్లీ. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక.

జబ్బు పిల్లి కరిచినా, గీరినా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని, అదే రోజు రేబిస్ టీకా కోసం వెళ్లండి. ఇంట్లో పెరిగినదే కదా అని వదిలేయొద్దు. గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలుంటే అది తామర, మనకీ అంటుతుంది. గర్భిణులు ఇసుక ట్రే ముట్టుకోకుండా ఇంట్లో ఇంకెవరైనా రోజూ శుభ్రం చేయాలి.

ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు

మీ ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంటే ముందు అక్కడ పిల్లుల్ని చూస్తారేమో కనుక్కోండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో పిల్లుల్నీ కుక్కల్నీ చూస్తారు. పిల్లిని చేత్తో పట్టుకుని బండెక్కొద్దు, హారన్‌కి బెదిరి దూకేస్తుంది. మూతున్న బుట్ట కానీ, రెండు ప్లాస్టిక్ కూరగాయల బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టింది కానీ సరిపోతుంది. అడుగున అది రోజూ పడుకునే గుడ్డ వేసి, పైన పల్చటి చున్నీ కప్పండి. చీకటిగా, తన వాసనతో ఉంటే సద్దుమణుగుతుంది. ఎప్పటి నుంచి తినలేదు, ఎన్నిసార్లు కక్కింది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఇంట్లో ఏం పట్టించారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఇంట్లో పొరపాటున ఏదైనా వేసి ఉంటే మొహమాటపడకుండా అదే మొదట చెప్పండి.